కొత్తగా కట్టిన వ్యాన్ ఇంజిన్‌లో కంప్రెషన్ తక్కువా? గాలి రాలేదా, వచ్చి పోతోందా?

ఇంజిన్ మొత్తం విప్పి, బోర్ కొట్టించి, కొత్త పిస్టన్లూ రింగులూ బేరింగులూ వేసి, హెడ్‌కి వాల్వుల పని చేయించి, నానా తంటాలు పడి వ్యాన్‌లోకి ఎక్కించి సెల్ఫ్ కొడితే స్టార్టయితే అయింది గానీ ఐడ్లింగ్‌లో వణుకుతోంది. గేరు వేసి తొక్కితే పికప్ లేదు. ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజ్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ప్రెషర్ కొలిచే మీటర్) పెడితే 150 పీఎస్ఐ రావాల్సిన చోట 110, ఒక సిలిండర్‌లో అయితే 80. ఆ అంకె చూడగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట "రింగులు కూర్చోలేదు", అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు బోర్ గోడకి ఇంకా అతుక్కోలేదని. రెండో మాట "మళ్ళీ దించాల్సిందే". రెండూ తొందరపాటు మాటలే.

పాత ఇంజిన్‌లో కంప్రెషన్ పడిపోయిందంటే కారణం చాలావరకు అరుగుదల. లక్షల కిలోమీటర్లు తిరిగింది, బోర్ అరిగింది, వాల్వు సీట్లు కాలాయి, అంతే. నిన్న కట్టిన ఇంజిన్‌కి అరగడానికి టైమెక్కడిది? అందుకని ఇక్కడ వెతకాల్సింది పొరపాటు. అది కొలిచిన పద్ధతిలో ఉండొచ్చు, బోరింగ్ పనిలో ఉండొచ్చు, బిగింపులో ఉండొచ్చు, పెట్టెలోంచి తీసి వేసిన పార్టులోనే ఉండొచ్చు. పాత ఇంజిన్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లు కూడా ఇక్కడ తప్పులో కాలేసేది అందుకే, అలవాటు కొద్దీ ముందు రింగుల వైపు చూస్తారు.

అసలు సిలిండర్‌లో ప్రెషర్ రాకపోవడానికి దార్లు రెండే. సరిపడా గాలి లోపలికి రాలేదు లేదా వచ్చిన గాలిని పిస్టన్ నొక్కాల్సినంత నొక్కలేదు, ఇది ఒక దారి. వచ్చిన గాలి ఏదో సందులోంచి జారిపోతోంది, ఇది రెండోది. కంప్రెషన్ గేజ్‌కి ఈ తేడా తెలీదు. రెండిటికీ ఒకటే అంకె చూపిస్తుంది. ఆ తేడా తేలకుండా హెడ్ బోల్టుల మీద స్పానర్ పెట్టడమంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఆపరేషన్‌కి దిగడమే.

ముందు అనుమానించాల్సింది గేజ్‌ని

కంప్రెషన్ టెస్టు చూడ్డానికి సులువు, తప్పుగా చేయడం ఇంకా సులువు. ఇంజిన్ వేడెక్కి ఉండాలి. ప్లగ్గులన్నీ తీసెయ్యాలి, కొలిచే సిలిండర్‌ది ఒక్కటే తీస్తే మిగతా సిలిండర్లు నొక్కుతూ సెల్ఫ్‌ని నెమ్మది చేస్తాయి. ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్షన్లు ఊడదీయాలి, ఎందుకంటే టెస్టు చేస్తున్నంతసేపూ పెట్రోల్ పడుతుంటే అది బోర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, కడిగిన గోడ మీద రింగు సీల్ అవదు, కాబట్టి టెస్టే కంప్రెషన్‌ని పడగొట్టినట్టవుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. థ్రాటిల్ మూసి ఉంటే గాలి లోపలికి రాకుండా అడ్డు పడుతుంది, నాలుగు సిలిండర్లూ సమానంగా తక్కువ చూపిస్తాయి. కారణం పైన థ్రాటిల్ దగ్గరే ఉంటే వెతుకులాట కింద రింగుల దగ్గర మొదలవుతుంది.

సెల్ఫ్ వేగం సంగతి కాస్త వివరంగా చూడాలి. మంచి బ్యాటరీతో, ప్లగ్గులు లేకుండా ఇంజిన్ నిమిషానికి 200 నుంచి 250 చుట్లు తిరుగుతుంది. 240 అనుకుంటే ఒక చుట్టుకి పావు సెకను, పిస్టన్ కింద నుంచి పైకి రావడానికి అందులో సగం, అంటే సెకనులో ఎనిమిదో వంతు. లోపలి గాలికి పారిపోవడానికి ఉన్న టైము అంతే. సెల్ఫ్ నీరసంగా 120 చుట్లే తిప్పితే ఆ టైము రెట్టింపవుతుంది. రింగుల సందులు మారలేదు, వాల్వులు మారలేదు, కానీ గేజ్‌లో అంకె పడిపోతుంది. ఇంజిన్ వెనక భాగంలోనో సీటు కిందో ఉండే వ్యాన్లలో బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకి కేబుల్ పొడుగ్గా ఉంటుంది, వోల్టేజ్ దారిలోనే తగ్గుతుంది. దీనికి తోడు ఇంజిన్ పని తర్వాత ఎర్త్ స్ట్రాప్ మర్చిపోవడం, లేదా బ్లాకుకి కొత్తగా కొట్టిన పెయింటు మీదే దాన్ని బిగించేయడం మామూలే. సెల్ఫ్ కొడుతుండగా మోటారు టెర్మినల్ దగ్గర మీటర్ పెడితే 9.6 వోల్టుల కన్నా తక్కువ కనిపించిందంటే ముందు ఆ సంగతి చూసుకోవాలి, కంప్రెషన్ తర్వాత.

గేజ్ లోపలే ఇంకో కిటుకు ఉంది. మంచి గేజ్‌లో చిన్న వాల్వు గొట్టానికి ప్లగ్గు వైపు చివర ఉంటుంది. అది మీటర్ దగ్గర ఉన్నా, పాడైపోయి అసలు లేకపోయినా, గొట్టంలో ఉన్న ఖాళీ కూడా సిలిండర్ ఖాళీలో కలిసిపోతుంది. లెక్క చూడండి. 86 మిల్లీమీటర్ల బోర్, 86 స్ట్రోక్ (పిస్టన్ కింద నుంచి పైకి కదిలే దూరం) ఉన్న సిలిండర్ దాదాపు 500 సీసీ. కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతు చోటులోకి నొక్కుతుందన్నది, 9 అయితే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 62.5 సీసీ. లోపల 6 మిల్లీమీటర్ల వెడల్పున్న 30 సెంటీమీటర్ల గొట్టంలో ఉండే ఖాళీ ఎనిమిదిన్నర సీసీ. కలిపితే 71. రేషియో 9 నుంచి 8కి పడిపోయింది, ఇంజిన్‌లో ఏ లోపమూ లేకుండానే. డీజిల్ అయితే మరీ ఘోరం, అక్కడ పైన మిగిలేదే ఇరవై పాతిక సీసీలు. ఇంకొకటి, ఆ చిన్న వాల్వు పాడైతే టైరు వాల్వు పిన్ను తీసి అందులో పెట్టేస్తుంటారు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. టైరు పిన్ను స్ప్రింగు గట్టిది, దాన్ని తెరవడానికే కొంత ప్రెషర్ ఖర్చవుతుంది, కాబట్టి మీటర్ తక్కువ చూపిస్తుంది. మంచి కంప్రెషన్ ఉందని ఖాయంగా తెలిసిన వేరే బండి మీద అదే గేజ్ పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో అనుమానం తీరిపోతుంది.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్ర మట్టం నుంచి 1500 మీటర్ల ఎత్తులో గాలి ప్రెషర్ దాదాపు 85 శాతమే ఉంటుంది. మైదానంలో 150 చూపించే ఇంజిన్ అక్కడ 127 చూపిస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్టే.

అసలు ఎంత రావాలి అంటే, మామూలు పెట్రోల్ ఇంజిన్‌కి 120 నుంచి 180 పీఎస్ఐ, డీజిల్‌కి 350 నుంచి 500 దాకా. ఏ ఇంజిన్‌కి ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే నమ్మాలి. రేషియో 9 కదా, గాలి ప్రెషర్ 14.7 కదా, గుణిస్తే 132 అని కాగితం మీద లెక్కలేసి అదే రావాలనుకోవడం దండగ. నొక్కినప్పుడు గాలి వేడెక్కి అంకె పెరుగుతుంది, ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల తగ్గుతుంది, గేజ్‌లో కొన్ని స్ట్రోకులు పేరుకుంటాయి. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. ఎక్కువకీ తక్కువకీ మధ్య 10 నుంచి 15 శాతం లోపు ఉంటే కంగారు పడక్కర్లేదు.

ముల్లు ఎలా ఎక్కుతోందో కూడా చూడాలి, చాలామంది చివరి అంకె మాత్రమే రాసుకుంటారు. మొదటి స్ట్రోకుకే సగం పైన ఎక్కి, మూడు నాలుగు స్ట్రోకుల్లో నిలబడితే సీలింగ్ బాగున్నట్టు. మొదట కాస్తే లేచి ఒక్కో స్ట్రోకుకీ మెట్లు ఎక్కినట్టు పాకుతుంటే రింగుల వైపు అనుమానం. మొదటిది తక్కువగా ఉండి, తర్వాత కూడా పెద్దగా ఎక్కకపోతే వాల్వుల వైపు.

అంకెల వరస చెప్పేది

నాలుగు సిలిండర్లలో ఒక్కటే పడిపోతే ఆ సిలిండర్ సొంత సమస్య: వాల్వు, రింగు, పిస్టన్. పక్కపక్క రెండు పడిపోయి, రెండిట్లోనూ ఇంచుమించు ఒకే అంకె వస్తే ఆ రెండిటి మధ్య హెడ్ గ్యాస్కెట్ మీద మొదటి అనుమానం. నాలుగూ సమానంగా తక్కువైతే అది అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న విషయం: గేజ్, సెల్ఫ్, థ్రాటిల్, టైమింగ్, పిస్టన్ల రకం, గ్యాస్కెట్ మందం, ఇంకా సర్దుకోని రింగులు. నాలుగు వేర్వేరు పొరపాట్లు నాలుగు సిలిండర్లలో ఒకే అంకె దగ్గర కలుసుకోవడం జరగదు.

తర్వాత అందరూ చేసేది తడి టెస్టు. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా, అంటే 5 నుంచి 10 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి, మళ్ళీ సెల్ఫ్ కొట్టి చూడటం. అంకె బాగా పెరిగితే రింగుల దగ్గర లీకు, ఆయిల్ ఆ సందుల్ని కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్‌లో. మంచి టెస్టే కానీ దీని మాట పూర్తిగా నమ్మకూడదు. పోసిన ఆయిల్ కూడా కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఏ ఇంజిన్‌లోనైనా అంకె కొంచెం పెరుగుతుంది. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్ వ్యాన్లలో ఆయిల్ కింది వైపే చేరుతుంది, రింగుల చుట్టూ పాకదు. డీజిల్‌లో అయితే పైన మిగిలే ఖాళీ అంత తక్కువ కాబట్టి ఆయిల్ ఎక్కువైతే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డే వంగొచ్చు. డీజిల్‌లో తడి టెస్టు జోలికి పోకపోవడమే మంచిది.

గాలి ఎక్కించి చెవి పెట్టడం

అసలు సంగతి తేల్చేది లీక్‌డౌన్ టెస్టు. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోకు చివర టీడీసీలో, అంటే అది అన్నిటికన్నా పైకొచ్చే చోట, నిలబెట్టి, రెండు వాల్వులూ మూసుకుని ఉండగా, కంప్రెసర్ నుంచి 100 పీఎస్ఐ గాలి సన్నటి రంధ్రం గుండా సిలిండర్‌లోకి పంపుతారు. రెండు మీటర్లు ఉంటాయి. మొదటిది 100, రెండోది 90 చూపిస్తే పది శాతం పోతోందన్నమాట. 10 శాతం లోపు చాలా బాగున్నట్టు, 20 దాకా నడుస్తుంది, 30 దాటితే లోపల ఏదో ఉంది. అయితే ఆ సన్నటి రంధ్రం సైజు పరికరానికీ పరికరానికీ మారుతుంది, సైజు మారితే శాతమూ మారుతుంది. ఒకే పరికరంతో నాలుగు సిలిండర్లనీ పోల్చుకోవాలి తప్ప ఇంకొకరి పరికరంలో వచ్చిన శాతంతో పోల్చుకుని టెన్షన్ పడకూడదు.

గాలి ఎక్కించే ముందు ఒక జాగ్రత్త. 86 మిల్లీమీటర్ల పిస్టన్ పైభాగం 58 చదరపు సెంటీమీటర్లు. 100 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి 7 కిలోలు. పిస్టన్ మీద పడే బరువు 400 కిలోలు. క్రాంక్ సరిగ్గా టీడీసీలో ఉంటే ఏమీ జరగదు. నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ ఉంటే క్రాంక్ గిర్రున తిరుగుతుంది, పుల్లీ బోల్టుకి రాట్చెట్ తగిలించి చేత్తో పట్టుకున్నవాడి మణికట్టు సంగతి చెప్పక్కర్లేదు. టాప్ గేరు వేసి హ్యాండ్‌బ్రేకు పట్టించాలి, గాలి కొంచెం కొంచెంగా పెంచాలి, చేతులు దూరంగా ఉంచాలి.

గాలి నిండాక పని చెవిది. థ్రాటిల్ తెరిచి అక్కడ సన్నటి రబ్బరు గొట్టం పెట్టి రెండో చివర చెవి దగ్గర పెట్టుకుంటే బుస్సుమని వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్ చివర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత తీసినచోటో డిప్‌స్టిక్ గొట్టంలోనో వినిపిస్తే రింగులు, అక్కడ ఎప్పుడూ కొంత శబ్దం ఉంటుంది, కొత్త ఇంజిన్‌లో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్ లేదా పగులు. పక్క సిలిండర్ ప్లగ్గు రంధ్రంలోంచి గాలి వస్తే రెండిటి మధ్య గ్యాస్కెట్.

ఈ చివరిదాంట్లో ఒక మోసం ఉంది. 1-3-4-2 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1వ సిలిండర్ కంప్రెషన్ టీడీసీలో ఉన్నప్పుడు 2వ సిలిండర్ పిస్టన్ అడుగున ఉంటుంది, దాని ఎగ్జాస్ట్ వాల్వు అప్పటికే తెరుచుకుని ఉంటుంది. 1లో ఎగ్జాస్ట్ వాల్వు లీకైతే ఆ గాలి మానిఫోల్డులోకి వెళ్ళి, తెరుచుకున్న 2వ సిలిండర్ వాల్వులోంచి లోపలికి దూరి, దాని ప్లగ్గు రంధ్రంలోంచి బయటికి వస్తుంది. పక్క రంధ్రంలోంచి గాలి, కాబట్టి గ్యాస్కెట్ పోయిందని తేల్చేస్తారు, హెడ్ దించుతారు, గ్యాస్కెట్ చక్కగా ఉంటుంది. అలా కనిపించినప్పుడు సైలెన్సర్ దగ్గర కూడా విని, ఇంకా అనుమానముంటే 2వ సిలిండర్ రాకర్లు, అంటే వాల్వుల్ని నొక్కి తెరిచే చేతులు, వదులు చేసి వాల్వులు మూసుకునేలా చేసి మళ్ళీ వినాలి. గాలి ఆగిపోతే గ్యాస్కెట్ తప్పేమీ లేదు.

లీకు లేదు, కంప్రెషన్ కూడా లేదు

ఈ రెండు టెస్టులూ పక్కపక్కన పెట్టి చదివితేనే కథ బయటపడుతుంది. కంప్రెషన్ తక్కువ, లీకు ఎక్కువ అంటే సూటిగా ఉంది, చెవి చెప్పినచోటికి వెళ్ళడమే. కంప్రెషన్ తక్కువ, లీకు మామూలు. ఇది వచ్చినప్పుడే చాలామంది బుర్ర గోక్కుంటారు, నిజానికి కొత్తగా కట్టిన ఇంజిన్లలో ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే.

ఉదాహరణకి నాలుగు సిలిండర్లలో 124, 126, 125, 123 వచ్చాయనుకుందాం. రావాల్సింది 150. లీక్‌డౌన్ చూస్తే అన్నిట్లోనూ 8, 9 శాతం, శుభ్రంగా ఉంది. తడి టెస్టులో పెద్ద తేడా లేదు. రింగులు, వాల్వులు, గ్యాస్కెట్ అన్నీ గాలిని బాగానే పట్టుకుంటున్నాయి. అయితే పట్టుకోవడానికి సరిపడా గాలే లేదు. థ్రాటిల్ తెరిచే ఉంది, ఎయిర్ క్లీనర్ తీసే ఉంది. ఇక ముందు చూడాల్సింది ఇన్‌లెట్ వాల్వు ఎప్పుడు మూసుకుంటోంది అన్నది.

పిస్టన్ అడుగుకి చేరిన వెంటనే ఇన్‌లెట్ వాల్వు మూసుకోదు, పిస్టన్ మళ్ళీ పైకి ఎక్కడం మొదలెట్టాక క్రాంక్ ఇంకో 40, 50 డిగ్రీలు తిరిగేదాకా తెరిచే ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు అది లాభం. సెల్ఫ్ వేగంలో మాత్రం ఎక్కుతున్న పిస్టన్ కొంత గాలిని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. టైమింగ్ బెల్టు ఒక్క పన్ను తప్పితే ఏమవుతుంది? క్రాంక్ పుల్లీకి 20 పళ్ళు ఉంటే ఒక పన్ను 18 డిగ్రీలు. క్యామ్ పుల్లీకి 40 పళ్ళు కాబట్టి అక్కడ తప్పినా క్రాంక్ లెక్కలో అదే 18. 50 డిగ్రీల దగ్గర మూసుకోవాల్సిన వాల్వు 68 దగ్గర మూసుకుంటుంది. అప్పటికి పిస్టన్ దాదాపు పావు దూరం ఎక్కేసి ఉంటుంది. నొక్కడానికి మిగిలిన గాలి తగ్గి, 150 కాస్తా 125 దగ్గరికి దిగుతుంది. ఇంజిన్ స్టార్టవుతుంది, నడుస్తుంది, వాల్వు పిస్టన్‌కి తగలకపోతే శబ్దం కూడా రాదు. బద్ధకంగా ఉంటుంది, అంతే. వ్యాక్యూమ్ గేజ్ పెడితే ముల్లు ఊగకుండా నిలకడగా, కానీ ఉండాల్సిన దానికన్నా కింద నిలబడుతుంది.

ఇది తేల్చుకోవడానికి ఇంజిన్ దించక్కర్లేదు. 1వ సిలిండర్‌ని ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర టీడీసీకి తెస్తే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ, ఇన్‌లెట్ తెరుచుకుంటూ చాలా ఇంజిన్లలో రెండూ ఇంచుమించు సమానంగా కొద్దిగా కిందికి దిగి ఉంటాయి. వాల్వు కవర్ తీస్తే కంటికే కనిపిస్తుంది. పుల్లీ మీది గీతని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు, ఆ పుల్లీలో మధ్యనుండే రబ్బరు జారిపోయి గీత తప్పుచోట ఉండటం పాత వ్యాన్లలో అరుదేమీ కాదు. ప్లగ్గు రంధ్రంలో సన్నటి పుల్ల పెట్టి పిస్టన్ నిజంగా ఎక్కడుందో చూడాలి.

టైమింగ్ సరిగ్గా ఉండి ఒక్క సిలిండర్‌లోనే ఈ పరిస్థితి ఉంటే, అంటే అక్కడ లీకు లేకుండా కంప్రెషన్ తక్కువుంటే, రెండు చోట్ల చూడాలి. ఒకటి క్యామ్ లోబ్, అంటే తిరుగుతూ వాల్వుని నెట్టి తెరిచే ఉబ్బు. కొత్త క్యామ్‌ని, అందులోనూ అడుగు చదునుగా ఉండే ట్యాపెట్లతో వచ్చేదాన్ని, మొదటి ఇరవై నిమిషాల్లో సరైన ఆయిల్, సరైన వేగం లేకుండా నడిపితే లోబ్ అరిగిపోయి వాల్వు అరకొరగానే తెరుచుకుంటుంది. డయల్ గేజ్‌తో వాల్వు ఎంత లేస్తోందో కొలిచి పక్కదానితో పోల్చితే సరి. రెండోది కనెక్టింగ్ రాడ్డు. ఇంతకు ముందెప్పుడో సిలిండర్‌లోకి నీళ్ళు పోయి రాడ్డు కాస్త వంగి ఉంటే, దాన్ని కొలవకుండానే శుభ్రం చేసి మళ్ళీ వేసేసి ఉంటే, పిస్టన్ పైదాకా రాదు. అర మిల్లీమీటరు తక్కువ వచ్చిందనుకుంటే ఖాళీ దాదాపు 2.9 సీసీ పెరుగుతుంది. 9 రేషియో పెట్రోల్ ఇంజిన్‌లో అది పెద్దగా తెలీదు. 22 రేషియో ఉన్న 500 సీసీ డీజిల్ సిలిండర్‌లో ఉండాల్సిన ఖాళీయే 23.8 సీసీ, అది 26.7 అయితే రేషియో 20 కిందికి పోతుంది, పొద్దున్నే చలిలో ఆ సిలిండర్ తెల్లపొగ వదులుతూ మిస్సింగ్ కొడుతుంది.

గ్యాస్కెట్ మందానిది కూడా ఇదే లెక్క. 0.2 మిల్లీమీటర్లు మందం ఎక్కువైతే 86 బోర్‌లో 1.16 సీసీ. పెట్రోల్‌లో 9 కాస్తా 8.85 అవుతుంది, ఎవరికీ తెలీదు. డీజిల్‌లో 22 కాస్తా 21 అవుతుంది. అందుకే చాలా డీజిల్ ఇంజిన్లకి రెండు మూడు మందాల్లో గ్యాస్కెట్లు వస్తాయి, అంచున చిన్న గాట్లో రంధ్రాలో పెట్టి గుర్తు చూపిస్తారు, పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తోందో కొలిచి దాన్నిబట్టి ఎంచుకోవాలి. కొలవకుండా ఉన్న గ్యాస్కెట్ తెచ్చి వేసేస్తే ఇంజిన్ మీద అపవాదు పడుతుంది. అదే బోర్‌కి తక్కువ కంప్రెషన్ పిస్టన్లు కూడా దొరికే ఇంజిన్లలో తప్పు సెట్ పడినా నాలుగూ సమానంగా, లీకు లేకుండా, తక్కువగానే ఉంటాయి.

వాల్వు దగ్గర బుస్సుమంటే

కొత్తగా కట్టినదాంట్లో వాల్వు లీకు అంటే ముందు చూడాల్సింది ట్యాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వు తోకకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదిలే సందు. చాలా పెట్రోల్ ఇంజిన్లలో అది 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వాల్వుని, సీటుని గ్రైండింగ్ చేస్తే వాల్వు సీటులోకి ఇంకాస్త లోతుగా కూర్చుంటుంది, దాని తోక అంత మేర పైకి పొడుచుకొస్తుంది, ఆ సందు మాయమైపోతుంది. వాల్వు పూర్తిగా మూసుకోదు. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడెక్కాక కంప్రెషన్ పడిపోతుంటే ఇదే. ఆ సందుని ఆయిల్ ప్రెషర్‌తో తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్నచోట ఇంకో చిక్కు: లిఫ్టర్‌కి సర్దుకునే హద్దు ఒకటి ఉంటుంది, తోక మరీ పొడుగైతే లిఫ్టర్ అడుగంటిపోయి వాల్వుని తెరిచి పట్టుకుంటుంది. అప్పుడు తోకని కాస్త గ్రైండింగ్ చేయించడం తప్ప దారి లేదు. ఫిల్లర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి బ్లేడ్లు) పది నిమిషాల్లో తేలిపోయే పనిని వదిలేసి హెడ్ దించిన వాళ్ళు చాలామందే ఉంటారు.

క్లియరెన్స్ సరిగ్గా ఉన్నా లీకైతే సీటు పనిలో లోపం, లేదా కొత్త గైడు బిగుతై వాల్వు పట్టేయడం, లేదా కట్టేటప్పుడు పిస్టన్‌కి తగిలి వాల్వు వంగడం. హెడ్ దించాక చాంబర్‌లో కిరోసిన్ పోసి వదిలేస్తే ఏ పోర్టులోంచి చెమ్మ దిగుతోందో కనిపిస్తుంది. నిజానికి ఇది హెడ్ బిగించే ముందే చేయాల్సిన పని.

వాల్వు లీకు విషయంలో "కొంచెం తిప్పితే అదే సర్దుకుంటుంది" అనే సలహా ప్రమాదకరం. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకి అంటుకున్నప్పుడే వదులుతుంది. అంటుకోకపోతే వేడి పోయే దారి ఉండదు, ఆ సందులోంచి మంట దూసుకెళ్తుంది, అంచు కాలిపోతుంది. బరువు వేసుకుని ఘాట్ ఎక్కే వ్యాన్‌కి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

రింగుల దగ్గరైతే

రింగుల దగ్గర లీకు నాలుగిట్లోనూ సమానంగా, ఓ మాదిరిగా ఉంటే మాత్రం ఓపిక పట్టొచ్చు. కొత్త రింగు బోర్‌కి పూర్తిగా అతుక్కోవాలంటే బోర్ గోడ మీద కావాలని గీసిన సన్నటి హోనింగ్ గీతల మీద రుద్దుకుని సర్దుకోవాలి, రింగుని గోడకి నొక్కేది దాని సొంత స్ప్రింగు బలం కొంతే, మిగతాదంతా వెనక చేరే మంట ప్రెషర్. ఇంజిన్ లోడు మీద పనిచేస్తేనే ఆ ప్రెషర్ వస్తుంది. కొత్త ఇంజిన్ కదా అని గంటల తరబడి ఐడ్లింగ్‌లో వదిలేస్తే రింగు సరిగా నొక్కుకోదు, గోడల మీద ఆయిల్ కాలి అద్దంలా నున్నటి పూత పడుతుంది, ఆ తర్వాత రింగులు ఎన్ని కిలోమీటర్లు తిరిగినా కూర్చోవు. మధ్యస్థ వేగంలో, లోడు పెంచుతూ వదులుతూ 500 నుంచి 1000 కిలోమీటర్లు తిప్పి మళ్ళీ కొలవాలి. రన్నింగ్-ఇన్‌కి చెప్పిన ఆయిల్ కాకుండా ఖరీదైన సింథటిక్ మొదటిరోజే పోయడం వల్ల మేలు జరగదు. కట్టాక నెలల తరబడి పక్కన పెట్టిన ఇంజిన్ అయితే గోడల మీది ఆయిల్ జారిపోయి మొదటి రీడింగు ఎలాగూ తక్కువే వస్తుంది.

ఒక్క సిలిండర్‌లోనే రింగు లీకు ఎక్కువగా ఉంటే, ఆయిల్ మూత తీస్తే ఇంజిన్ నడుస్తుండగా బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి కిందికి జారిన గాలి, పొగలా ఎగదన్నుతుంటే, ఎదురుచూడటంలో అర్థం లేదు. ఎక్కించేటప్పుడు రింగు విరిగి ఉండొచ్చు. రెండో రింగు తలకిందులుగా పడి ఉండొచ్చు, దాని మీద చుక్కో అక్షరమో ఉన్న వైపు పైకి ఉండాలి, తిరగబడితే ఆయిల్‌ని కిందికి గీకాల్సింది పైకి తోడుతుంది. లేదా సైజు తప్పి ఉండొచ్చు. 86 బోర్‌లో రింగు చివరల మధ్య సందు 0.34 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. బోర్ వ్యాసం 0.1 పెరిగితే చుట్టుకొలత 0.31 పెరుగుతుంది, ఆ పెరిగినదంతా ఈ సందులోనే చేరుతుంది. 0.50 ఓవర్ సైజుకి బోర్ కొట్టించి పొరపాటున స్టాండర్డ్ రింగు వేస్తే సందు 0.34 నుంచి 1.9 అవుతుంది. రింగుని పిస్టన్‌కి ఎక్కించకముందు ఖాళీ బోర్‌లో పెట్టి ఫిల్లర్ గేజ్ దూర్చి చూసిన వాళ్ళకి ఈ సమస్య రాదు. చూడనివాళ్ళకి ఇంజిన్ మొత్తం కట్టాకే తెలుస్తుంది.

గ్యాస్కెట్ దగ్గరైతే హెడ్ దించక తప్పదు. దించినప్పుడు పాత గ్యాస్కెట్ మీద మంట దాటిన నల్లటి మరక ఎక్కడుందో ముందు ఫోటో తీసుకోవాలి. తర్వాత స్టీలు పట్టీ అంచు హెడ్ మీద, బ్లాకు మీద అడ్డంగా, నిలువుగా, మూలమూలకీ పెట్టి కింద 0.05 మిల్లీమీటర్ల బ్లేడు దూరుతోందేమో చూడాలి. బోల్టు రంధ్రాల్లో ఆయిలో నీళ్ళో మిగిలిపోయి ఉన్నాయా అని కూడా. అడుగున ద్రవం ఉంటే బోల్టు దాని మీద నొక్కుకుని టార్క్ రెంచ్ "టక్" మంటుంది, హెడ్ మాత్రం బిగవదు, బ్లాకు పగిలే ప్రమాదం వేరే. ఒకసారి సాగిన బోల్టుల్ని మళ్ళీ వాడి ఉంటే వాటిని పక్కన పడేయాలి. గ్యాస్కెట్ సరుకు బాగాలేదని తిట్టేముందు ఆ రంధ్రాల్లోకి టార్చి వేసి చూస్తే, చాలాసార్లు దోషి అక్కడే దొరుకుతాడు.